తప్పుకోని 178 మంది

2019 మార్చి 28, గురువారం. మధ్యాహ్నం మూడు దాటింది. నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి నామినేషన్లు ఉపసంహరించుకునే గడువు అయిపోయింది. బరిలో మిగిలినవాళ్ల లెక్క తేలింది: 185 మంది. అందులో 178 మంది రైతులు. నచ్చజెప్పేవాళ్లు నచ్చజెప్పారు, పెద్దమనుషులు మాట్లాడి చూశారు. అయినా ఫారం మీద సంతకం పెట్టి వెనక్కి తగ్గినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఒక ఎంపీ పదవి ఆ మధ్యాహ్నమే కూలడం మొదలైంది. కూలినట్టు తెలిసింది మాత్రం మే 23న.

ఆ ఎంపీ కల్వకుంట్ల కవిత. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బిడ్డ. ఆ ఒక్క మాటతో ఆమెను సరిపెట్టేస్తే అన్యాయం చేసినట్టే. 2006లో తెలంగాణ జాగృతి పెట్టి, బతుకమ్మను వాకిళ్లలోంచి ఉద్యమ వేదిక మీదికి తెచ్చిన మనిషి. 2014లో తొలిసారి పోటీకి దిగి, రెండు దఫాలుగా ఎంపీగా ఉన్న మధు యాష్కీ గౌడ్‌ను 1,67,184 ఓట్ల తేడాతో ఓడించారు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు నెలకు వెయ్యి రూపాయల భృతి వచ్చింది. మెట్‌పల్లి, కోరుట్ల వైపు ఏ గల్లీలోకి వెళ్లినా చాటలో తునికాకు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్ల ఇళ్లలో సగం మంది మగవాళ్లు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటారు. ఆ వెయ్యి రూపాయల విలువ ఆ ఇళ్లకు తెలుసు, కవితకూ తెలుసు.

నిజామాబాద్ లోక్‌సభ అంటే నిజామాబాద్ జిల్లా ఒక్కటే అనుకుంటారు బయటివాళ్లు. ఏడు అసెంబ్లీ స్థానాల్లో అయిదు అటువైపువి. కోరుట్ల, జగిత్యాల మాత్రం ఇటు జగిత్యాల జిల్లావి. 2018 డిసెంబర్‌లో ఈ ఏడింటికి ఏడూ ఆమె పార్టీ టీఆర్ఎస్ గెలుచుకుంది. నిజామాబాద్ అర్బన్, రూరల్, బోధన్, ఆర్మూర్, బాల్కొండ, కోరుట్ల, జగిత్యాల: ఒక్కటీ మిగల్లేదు. జగిత్యాలలో కాంగ్రెస్ నేత జీవన్ రెడ్డి అంతటివాడిని ఓడించడానికి కవిత స్వయంగా ఊళ్లు పట్టుకుని తిరిగారు, ఓడించారు. ఇంత బలగం చుట్టూ ఉన్న అభ్యర్థి నాలుగు నెలలకే ఓడిపోతుందని అప్పుడు ఎవరన్నా చెబితే చెప్పినవాడినే వింతగా చూసేవాళ్లు.

ఎక్కడ మొదలైంది ఈ పతనం? ఆర్మూర్ రోడ్డు మీద అంటారు చాలామంది. నేను ముత్యంపేటలో అంటాను.

కొండగట్టు అంజన్న గుట్ట కింద ఉన్న ముత్యంపేట కాదు. మెట్‌పల్లి దాటి మల్లాపూర్ మండలంలో ఉన్న ముత్యంపేట, చక్కెర ఫ్యాక్టరీ ముత్యంపేట. బోధన్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్స్‌కు ఇది ఒక కొమ్మ. మెదక్ వైపు మంబోజిపల్లిది ఇంకో కొమ్మ. సీజన్‌లో ఈ రోడ్ల మీద చెరుకు ట్రాక్టర్లు తప్ప ఇంకోటి కనిపించేది కాదు. కాటా దగ్గర రాత్రంతా వరస. డ్రైవర్లు ట్రాలీల కిందే పడుకునేవాళ్లు. చెరుకు వేసినవాడికి ధైర్యం ఉండేది: ధర ఎక్కువో తక్కువో, కొనేవాడు మాత్రం ఊరి పక్కనే ఉన్నాడు. పసుపు వేసినవాడికి ఏనాడూ లేని ధైర్యం అది. ఈ ప్రాంతపు రైతు రెండూ వేసేవాడు. ఒకటి ముంచితే ఒకటి తేల్చేది.

2002లో చంద్రబాబు ప్రభుత్వం ఈ మూడు ఫ్యాక్టరీలనూ ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. 51 శాతం వాళ్లది, 49 శాతం సర్కారుది. పేరు కూడా మారింది, నిజాం దక్కన్ షుగర్స్ అయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా అది తప్పే అన్నారు. తప్పును దిద్దింది ఎవరూ లేరు. 2014 ఎన్నికల్లో టీఆర్ఎస్ మాటిచ్చింది, మేమొస్తే ఫ్యాక్టరీని సర్కారు చేతుల్లోకి తీసుకుంటామని. వచ్చారు. రైతులే సహకార సంఘంగా ఏర్పడి నడుపుకోండి, మహారాష్ట్రలో నడుపుకోవడం లేదా అన్నారు. అప్పుల్లో ఉన్న ఫ్యాక్టరీని అప్పుల్లో ఉన్న రైతు నెత్తికెత్తుకోమంటే ఎత్తుకుంటాడా! 2015 డిసెంబర్‌లో మూడు చోట్లా లే-ఆఫ్ పడింది. కార్మికులకు జీతాలు ఆగిపోయాయి. ముత్యంపేట చుట్టుపక్కల చెరుకు వేసినవాళ్లు దూరపు ఫ్యాక్టరీలకు బండ్లు కట్టారు. కిరాయి తడిసిమోపెడైంది. రెండు మూడేళ్లు అలా లాగి, చాలామంది చెరుకు మానేశారు.

మానేసినవాళ్లలో కొందరు వరికి పోయారు, కొందరు పసుపును ఇంకాస్త పెంచారు. ఎన్నికల వార్తలు రాసినవాళ్లు ఈ సంగతి పెద్దగా పట్టించుకోలేదు. 2019లో పసుపు రైతులు తిరగబడ్డారని అందరూ రాశారు. వాళ్ల డిమాండ్ల పట్టికలో పసుపు, ఎర్రజొన్నల తర్వాత ముత్యంపేట ఫ్యాక్టరీ కూడా ఉందని ఎక్కడో చివరి వరసలో రాశారు.

పసుపు తొమ్మిది నెలల పంట. మృగశిర వానలకు పెట్టిన కొమ్ము మాఘమాసానికి గానీ చేతికి రాదు. తవ్వాలి, కడాయిల్లో ఉడకబెట్టాలి, కల్లంలో పక్షం రోజులు ఆరబెట్టాలి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టాలి, అప్పుడు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు. అక్కడ తెలుస్తుంది ఆ యేటి జాతకం. 2019 మొదట్లో క్వింటా అయిదారు వేల మధ్య ఊగుతోంది. పెట్టుబడి కూడా తిరిగి రాని ధర. రైతులు అడిగింది క్వింటాకు 15 వేలు, ఎర్రజొన్నలకు 3,500, పసుపుకు ఒక బోర్డు. ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర జాతీయ రహదారి మీద కూర్చున్నారు. లేపేశారు. మళ్లీ వచ్చారు. 144 సెక్షన్ పెట్టారు, అరెస్టులు చేశారు. రోడ్డు మీద కూర్చోనివ్వకపోతే బ్యాలెట్ మీద కూర్చుంటామన్న ఆలోచన అప్పుడే పుట్టింది. ఊళ్లలో చందాలు వేసుకున్నారు. లోక్‌సభకు డిపాజిట్ 25 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థికి అందులో సగం. మార్చి 25న నామినేషన్ల గడువు ముగిసేనాటికి పాత బస్తాల లెక్కలు రాసుకునే చేతులు అఫిడవిట్ల మీద సంతకాలు చేసేశాయి.

నామినేషన్లు వేసినవాళ్లలో సగం మంది కాంగ్రెస్, బీజేపీల మనుషులేనని టీఆర్ఎస్ నాయకులు అన్నారు. కొందరు అయి ఉండొచ్చు. ఊళ్లో ఏ పార్టీ వాసనా లేని రైతు ఎవడుంటాడు? కానీ పార్టీ వాసన ఉంటే పసుపు ధర పడిపోయింది అబద్ధమవుతుందా! ఆ మాటలు అంటూ అంటూనే వాళ్లు మూడు రోజులు పోగొట్టుకున్నారు. 25 నుంచి 28 దాకా, ముగ్గురు మంత్రులు ఆ కల్లాల దగ్గరికి వచ్చి కూర్చుని ఫలానా తారీఖుకు ఎర్రజొన్నలు మేం కొంటాం, ముత్యంపేటలో ఫలానా సీజన్‌కు క్రషింగ్ మొదలవుతుంది అని చెప్పి ఉంటే ఆ 178లో ఎంతమంది మిగిలేవాళ్లో. పసుపు బోర్డు ఢిల్లీ చేతిలో ఉంది, నిజం. దాని కోసం కవిత పార్లమెంటులో అడిగారు, కేంద్ర మంత్రుల చుట్టూ తిరిగారు, అదీ నిజం. కానీ ముత్యంపేట ఢిల్లీలో లేదు. అందులో 49 శాతం వాటా ఉన్నది అప్పుడు ఆమె తండ్రి నడిపిన సర్కారుకే. తన చేతిలో లేనిదాన్ని అడుగుతూ, తన ఇంట్లో ఉన్నదాన్ని అడగలేకపోయిన మనిషి కథ ఇది. ఇది నా అభిప్రాయం, రుజువు చేయమంటే చేయలేను.

ఎన్నికల్లో ఒకడు తప్పుకుంటే ఏమవుతుంది, తప్పుకోకపోతే ఏమవుతుంది అన్నది అమెరికావాళ్లకు పాత లెక్క. వాళ్ల ప్రైమరీలు ఒక్కరోజు ఎన్నికలు కావు. ఒక్కో రాష్ట్రం వంతు వచ్చినప్పుడల్లా జరుగుతూ జనవరి, ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా సాగుతాయి. దారిలో ఎవరు ఎప్పుడైనా దిగిపోవచ్చు. 2016లో రిపబ్లికన్ పార్టీలో 17 మంది పెద్ద అభ్యర్థులు దిగారు. ట్రంప్ వద్దన్న ఓట్లు చాలానే ఉన్నాయి, కానీ అవి క్రూజ్‌కు కొన్ని, రూబియోకు కొన్ని, కేసిచ్‌కు కొన్ని. నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో అనుకుంటూ క్రూజ్, కేసిచ్ మే నెల దాకా లాగారు. అప్పటికి పని అయిపోయింది. 2020లో డెమోక్రాట్లు ఆ పాఠం గుర్తుంచుకున్నట్టున్నారు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో బైడెన్ గెలిచారు. మర్నాడు పీట్ బూటెజెజ్ తప్పుకున్నారు, ఆ మర్నాడు ఎమీ క్లోబుచార్. ఇద్దరూ డల్లాస్ వెళ్లి బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. ఇంకో రోజు గడిచేసరికి 14 రాష్ట్రాల్లో ఓటింగ్, అందులో పది బైడెన్‌వి. అంతకు వారం ముందు ఆయన పని అయిపోయిందని రాసిన పత్రికలే ఆ మాట మింగేశాయి. ఏప్రిల్ 8న బెర్నీ శాండర్స్ కూడా ప్రచారం ఆపేశారు.

మన చట్టంలో అలా కుదరదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం గడువు రోజున మధ్యాహ్నం మూడింటిలోపు కాగితం ఇస్తేనే తప్పుకున్నట్టు. మూడు దాటాక నేను పోటీలో లేనని మైకు పెట్టి అరిచినా యంత్రం మీద పేరు ఉంటుంది, గుర్తు ఉంటుంది, ఎవరన్నా నొక్కితే ఓటూ పడుతుంది.

సరే, తప్పుకుంటే ఓట్లు ఒకచోట చేరతాయి, తప్పుకోకపోతే చీలతాయి అన్నది అమెరికా సూత్రం. జగిత్యాలకు తెచ్చి చూస్తే ఆ సూత్రం తలకిందులైంది, అది కూడా నాలుగు నెలల్లో రెండుసార్లు.

మొదటిది 2018 డిసెంబర్. జగిత్యాలలో ఏళ్ల తరబడి తలపడ్డవాళ్లు ఇద్దరు: కాంగ్రెస్ నుంచి జీవన్ రెడ్డి, తెలుగుదేశం నుంచి ఎల్. రమణ. 2014లో ముక్కోణపు పోటీలో జీవన్ రెడ్డి గట్టెక్కారు. 2018లో కాంగ్రెస్, టీడీపీ కలిసి మహాకూటమి కట్టినప్పుడు, రాష్ట్ర టీడీపీ అధ్యక్షుడై ఉండి కూడా రమణ తన సొంత జగిత్యాలను పాత ప్రత్యర్థికి వదిలేశారు. డల్లాస్‌లో బూటెజెజ్ చేసింది అంతకన్నా పెద్దదేం కాదు. ఇద్దరి ఓట్లూ కలిస్తే తిరుగుండదని కూటమి లెక్కవేసింది. జీవన్ రెడ్డి 60 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. పాతికేళ్లు ఒకరి జెండా చూస్తే ఒకరికి ఒళ్లు మండినవాళ్లకు నాయకులు చేతులు కలపగానే మనసులు కలుస్తాయా? రమణ తప్పుకున్నారు, రమణ ఓటరు మాత్రం జీవన్ రెడ్డి దగ్గరికి వెళ్లలేదు.

రెండోది ఈ 2019.

185 మంది పేర్లు, చివర నోటా, మొత్తం 186 బొత్తాలు. పాత యంత్రాలకు నాలుగు బ్యాలెట్ యూనిట్లే తగిలించొచ్చు, 64 పేర్ల దాకే. కాగితపు బ్యాలెటే గతి అనుకున్నారు మొదట. చివరికి ఎం3 రకం కొత్త యంత్రాలు తెప్పించారు. ఒక్కో యూనిట్ మీద 16 పేర్ల చొప్పున 12 యూనిట్లు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో మూల తిరిగేలా వరసగా పేర్చారు. 1,788 కేంద్రాలకు లెక్కేస్తే 21 వేలకు పైగా యూనిట్లు, అదనంగా పెట్టుకున్నవి వేరే. ఇంజినీర్లు వచ్చారు, తనిఖీలు, నమూనా పోలింగులు. ఒక జిల్లా యంత్రాంగం మొత్తం పసుపు రైతు పెట్టిన పరీక్ష రాయడంలో మునిగిపోయింది.

ఇలాంటి పరీక్షను మనం ఇంతకుముందూ ఒకసారి చూశాం. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన మనుషుల తరఫున జలసాధన సమితి వందల మందితో నామినేషన్లు వేయించింది. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా నల్గొండ నీళ్ల గురించి అడిగింది. అక్కడ కమ్యూనిస్టు ధర్మభిక్షం గెలిచారు. ఆయన మీద ఎవరికీ కోపం లేదు, ఆ నామినేషన్లు ఎవరినీ ఓడించడానికి వేసినవి కావు. అదే యేడు చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి పది వేలకు పెంచారు. నీళ్ల కన్నా ముందు అది వచ్చింది.

నిజామాబాద్‌లో కోపం ఉంది, కోపానికి మొహం కూడా ఉంది. కేసీఆర్ ఇంటి పేరు ఉన్న మొహం.

బీజేపీ నుంచి నిలబడ్డది ధర్మపురి అరవింద్. ఆయన తండ్రి డి. శ్రీనివాస్ అప్పటికి టీఆర్ఎస్ రాజ్యసభ సభ్యుడు. ఒకప్పుడు రాష్ట్ర కాంగ్రెస్‌నే నడిపిన మనిషి. 2018లో ఆయన మీద చర్య తీసుకోమని కవితతో సహా జిల్లా టీఆర్ఎస్ నాయకులంతా కేసీఆర్‌కు ఉత్తరం రాశారు. పౌరాణిక నాటకంలో అయితే ఇక్కడ పద్యం పడాలి. కొడుకు వంద రూపాయల బాండు పేపరు తీసి, నన్ను గెలిపిస్తే అయిదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తా, తేకపోతే రాజీనామా చేసి మీతో పోరాటంలో కూర్చుంటా అని రాసిచ్చారు. మాట ఇచ్చి తప్పినవాళ్లను చూసి చూసి ఉన్న రైతుకు, కాగితం మీద రాసిచ్చినవాడు కొత్తగా కనిపించాడు. కాగితం విలువ వంద రూపాయలే అన్నది తర్వాత తెలిసింది.

ఏప్రిల్ 11న ఓట్లు పడ్డాయి. ‘కారు, సారు, పదహారు’ అని తిరిగిన టీఆర్ఎస్‌కు మే 23న తొమ్మిది సీట్లే వచ్చాయి. కరీంనగర్‌లో వినోద్ కుమార్ బండి సంజయ్ చేతిలో ఓడిపోయారు. నిజామాబాద్‌లో అరవింద్‌కు 4,80,584. కవితకు 4,09,709. మధు యాష్కీకి 69,240. తేడా 70,875. మిగిలిన 182 మందికి, నోటాకు కలిపి వచ్చినవి లక్షకు కాస్త అటూఇటూ.

ఆ లక్షే కవితను ముంచిందని అప్పటికప్పుడు అందరూ అనేశారు. తేడా 70 వేలు, రైతులకు దాదాపు లక్ష. తీసివేత వస్తే చాలు, తీర్పు రాసేయొచ్చు. కానీ నిదానంగా చూడండి. ఆ లక్ష మందీ రైతుల గుర్తులు లేకపోతే టీఆర్ఎస్ కారు గుర్తుకు వేసేవాళ్లా? 12 యంత్రాలు వెతుక్కుని, ఏ తొంభై మూడో బొత్తామో నొక్కి మరీ కోపం చెప్పినవాడు, ఆ బొత్తాం లేకపోతే మొదటి యంత్రం దగ్గరే ఆగి సర్కారుకు దండం పెడతాడా? ఆ 178 మంది మార్చి 28న తప్పుకుని ఉంటే, ఆ ఓట్లలో ఎక్కువ భాగం అరవింద్ ఖాతాలో పడి తేడా ఇంకా పెరిగేదేమో. తీసివేతతో తేలే లెక్క కాదిది.

అసలు తప్పుకున్నవాడు వేరే ఉన్నాడు. 69,240 ఓట్లు చూడండి. అయిదేళ్ల క్రితం రెండో స్థానంలో నిలిచిన మధు యాష్కీ, పదేళ్లు ఇదే సీటుకు ఎంపీగా ఉన్న మధు యాష్కీ, డిపాజిట్ కూడా దక్కించుకోలేదు. యంత్రం మీద కాంగ్రెస్ పేరు మొదటి వరసలోనే ఉంది, చేయి గుర్తు ఉంది. ఓటరు లేడు. కాంగ్రెస్, బీజేపీ కుమ్మక్కయ్యాయని టీఆర్ఎస్ మండిపడింది. నాయకులు కుమ్మక్కయ్యారో లేదో గానీ, ఓటరు ఎవరినీ అడగకుండానే కుమ్మక్కయ్యాడు. డల్లాస్‌లో వేదిక కట్టి, అభ్యర్థులను నిలబెట్టి, కెమెరాలు పెట్టి చేయించిన పనిని కోరుట్ల, జగిత్యాల ఊళ్లలో రచ్చబండల దగ్గర ఎవరికీ చెప్పకుండా చేసేశారు. జగిత్యాలలో నాయకుడు తప్పుకున్నా కదలని ఓటు, నాయకుడు తప్పుకోకపోయినా కదిలింది.

కదలడానికి ధైర్యమిచ్చింది ఆ 178 మందే అని నేననుకుంటాను. సర్కారు నుంచి రైతుబంధు తీసుకుంటున్నవాడు, తల్లికి పింఛను వస్తున్నవాడు, భార్యకు బీడీ భృతి వస్తున్నవాడు ఒంటరిగా ఎదురు తిరగలేడు, ఉప్పు తిన్న మాట గుర్తొస్తుంది. ఊరి నుంచి ఒకడు తన పేరు, తన ఫోటో యంత్రం మీద పెట్టుకుని నిలబడితే లెక్క మారుతుంది. ఎకరాకు నాలుగు వేలు ఇచ్చిన చేయి ఒకవైపు, క్వింటాకు రాని పదివేలు ఒకవైపు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు వాళ్లు. ఎన్నిక కేసీఆరా మోదీనా అన్నది పక్కకు పోయింది. పసుపు ఎంత అన్నది మిగిలింది. వాళ్లలో ఒక్కరికీ డిపాజిట్ తిరిగి రాలేదు. కల్లంలో చందా వేసుకున్న డబ్బు సర్కారు ఖజానాలో కలిసిపోయింది. కొందరు అక్కడితో ఆగక వారణాసి దాకా రైలెక్కి మోదీ మీద నామినేషన్లు వేయబోయారు.

ఓడినామెకు ఆ తర్వాత గెలుపు లేదా అంటే ఉంది. 2020లో నిజామాబాద్ స్థానిక సంస్థల నుంచి ఎమ్మెల్సీ అయ్యారు. జనం ఓటుకు, జెడ్పీటీసీల ఓటుకు తేడా తెలిసినవాళ్లకు ఆ గెలుపులోని ఒంటరితనం అర్థమవుతుంది. 2023లో అరవింద్ కోరుట్ల నుంచి అసెంబ్లీకి దిగినప్పుడు ఆ నియోజకవర్గం ఆయన్ను ఓడించింది. కల్వకుంట్ల సంజయ్ గెలిచారు. ముత్యంపేట ఉన్న నియోజకవర్గం అది. పాత కక్ష తీరిందని కేసీఆర్ పార్టీ సంబరపడింది గానీ, ఆ రాత్రికే రాష్ట్రంలో అధికారం పోయింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కవిత పోటీలోనే లేరు. 2025 సెప్టెంబర్ 2న తండ్రి పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది. మర్నాడు ఆమె పార్టీకి, ఎమ్మెల్సీ పదవికి రాజీనామా ప్రకటించారు.

పసుపు బోర్డు వచ్చింది. అయిదు రోజుల్లో కాదు. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని ప్రకటించారు, 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో మొదలైంది. ముత్యంపేట కోసం కొత్త సర్కారు కమిటీ వేసింది, సమావేశాలు పెట్టింది, బ్యాంకుల బాకీ సంగతి చూసింది. అప్పుడు చెరుకు మానేసి దుబాయి విమానం ఎక్కినవాడి కొడుకు ఇప్పుడు వరి నాట్లు వేయిస్తున్నాడు. చెరుకు కోతకు ముఠాలు ఎక్కడ దొరుకుతాయో అతనికి తెలియదు. ఫ్యాక్టరీ తెరిచినా ముందు విత్తనపు చెరుకు కోసం బయటికి వెళ్లాలి.

2024లో అరవింద్ మళ్లీ గెలిచారు. ఈసారి ఎదురు నిలిచింది జీవన్ రెడ్డి, తేడా 1,09,241. కారు గుర్తు మీద బాజిరెడ్డి గోవర్ధన్ నిలబడ్డారు, ఆయనకు వచ్చినవి 1,02,406. ఒకప్పుడు ఏడింటికి ఏడు గెలిచిన పార్టీ, రైతులు తప్పుకుంటే బాగుండునని మూడు గంటల దాకా ఎదురుచూసిన పార్టీ, అయిదేళ్ల తర్వాత అదే నేల మీద తెచ్చుకున్న ఓట్లు ఆనాడు ఆ రైతులంతా కలిసి తెచ్చుకున్నంతే.